మామిడి అంట్లకు నీళ్లు పోసినవాళ్లు

నర్సరీ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. కత్తి ఎట్లా పట్టాలి, బెరడు ఎంత లోతు చెక్కాలి, ఏ నెలలో కడితే అంటు బాగా అతుకుతుంది అని అడుగుతారు. చెప్తాను. అది చేతి విద్య. ఒక వానాకాలం మనసు పెడితే వచ్చేస్తుంది. నేను రాయాలనుకున్నది ఇంకో సంగతి. మన చేతికి వచ్చే మొక్క వెనక ఎవరెవరు పనిచేశారు, ఆ పని వాళ్లు తమ ఇష్టంతో చేశారా, దానికి కూలి ముట్టిందా అని చూసుకోవడం కూడా మా ఉద్యోగంలో భాగమే. దాన్ని నాకు ఎవరూ నేర్పలేదు. మెల్లమెల్లగా, కొంత నష్టపోయి నేర్చుకున్నాం.

కంపెనీ, వకీలు సాబ్

మాది ఆసిఫాబాద్. మాలీల ఇల్లు. ఇంట్లో సగం మరాఠీ, సగం తెలుగు. మా బాపు సర్కారు బంగ్లా తోటలో పనిచేసేవాడు. ఆయన పక్కన కూర్చుని అంట్లు కట్టడం నేర్చుకున్నాను. పెళ్లయ్యాక కరీంనగర్ వచ్చాను. మా ఆయన ఒక తోటల కంపెనీలో లారీ నడిపేవాడు. హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో నేనూ అదే కంపెనీలో అంట్ల పనికి చేరాను. కొన్నాళ్లకు అంట్ల షెడ్డు మొత్తం నాకే అప్పగించారు. ఆడమనిషి మేస్త్రీ ఏమిటని కొందరు నవ్వారు. మొక్కలు బతుకుతున్నాయి కాబట్టి నవ్వు ఎక్కువ రోజులు సాగలేదు.

బంగ్లాలకు తోటలు వేసివ్వడం, వాటిని చూసుకోవడానికి మాలీలను పంపడం, బొగ్గుగనుల కాలనీలకూ బడులకూ మొక్కలు సరఫరా చేయడం, రైతులకు మామిడి అంట్లు అమ్మడం, ఇదీ కంపెనీ పని. యజమానిని అందరం వకీలు సాబ్ అనేవాళ్లం. చాలా ఏళ్లు కోర్టులో వాదించి, విసుగొచ్చి, నల్లకోటు మూలన పెట్టి ఈ పనిలో దిగారు. మంచి మనిషి. కోపం వస్తే మాత్రం ఎదుటివాళ్ల మాట చెవికెక్కదు. నేను పనిచేసిన పెద్దలందరిలో ఆయన దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. ఆయన చేసిన పొరపాటు నుంచి కూడా.

చెట్లూ నీళ్లూ కలిపి

ఆ రోజుల్లో మామిడి అంటు కట్టాలంటే మంచి జాతి తల్లిచెట్టు కావాలి. దాని చుట్టూ వెదురుతో మంచె కట్టి, మొలకలున్న కుండీలను మంచె మీదకు ఎక్కించి, మొలకనూ తల్లిచెట్టు కొమ్మనూ పక్కపక్కన చెక్కి, అరటినారతో కలిపి కట్టేవాళ్లం. రెండు మూడు నెలలు కుండీలు అక్కడే ఉండాలి. పొద్దునా సాయంత్రం నీళ్లు పోయాలి. వాన పడిన రోజు తప్ప ఒక్క పూట తప్పినా మొలక వాడిపోతుంది.

మాకు సొంత తల్లిచెట్లు లేవు. చొప్పదండి అవతల ఒక దొరగారి మామిడితోట ఉండేది. ఊరి పేరు రాయను. ఆ చెట్లను ఏటా కిరాయికి తీసుకునేవాళ్లం. కంపెనీ లెక్కలు చూసే మునీము ఆ ఒప్పందం గురించి గర్వంగా చెప్పుకునేవాడు. చెట్లూ నీళ్లూ కలిపి ఒకే ధర. నీళ్లు పోసే మనుషుల సంగతి మనం చూసుకోనక్కర్లేదు, అంతా దొరగారే చూసుకుంటారు. ఇంత తక్కువకు జిల్లాలో ఎవరికీ దొరకదని అతని సంబరం.

షెడ్డు నాకు అప్పగించిన మొదటి వానాకాలం ఆ తోటకు నన్నే పంపారు. బావి నుంచి కడవలతో నీళ్లు మోసుకొచ్చి, నిచ్చెన ఎక్కి కుండీల్లో పోస్తున్న ఆడవాళ్లు కనిపించారు. వాళ్లలో మల్లవ్వ అనే ఆమె నాకంటే కొంచెం పెద్దది. మాటకారి కాదు. కడవ వంపుతున్నప్పుడు మాత్రం కుండీలో మొలకను ఒక చేత్తో పక్కకు వంచి, వేరు దగ్గర నీళ్లు పడేలా పోసేది. వెంట ఆమె బిడ్డ లచ్చి. పద్నాలుగేళ్లుంటాయేమో. నేను నార కడుతుంటే నిచ్చెన మీద నిలబడి చూసేది. నార చేతికిచ్చాను. చెప్పిన పద్ధతిలో కట్టింది.

ఒక మధ్యాహ్నం నీడలో కూర్చున్నప్పుడు అడిగాను.

"అక్కా, మీకు కూలి ఏం కట్టిస్తున్నరు?"

"ఎవరు?"

"దొర."

మల్లవ్వ నా మొహం చూసింది. ఎగతాళి చేస్తున్నానేమో అనుకున్నట్టుంది. "దొర పనికి కూలేంది బాయీ. మా అత్త పోసింది. ఇప్పుడు నేను పోస్తున్న. రేపు నా బిడ్డ పోస్తది."

"తిండి మరి?"

"గడి కాడ గటక పోస్తరు."

గటక అంటే జొన్నరవ్వ జావ. గడి అంటే ఊరి మధ్య దొరగారు ఉండే కోటలాంటి ఇల్లు. మల్లవ్వ ఇల్లు తరతరాలుగా దానికి కట్టుబడ్డ ఇల్లు. వాకిలి ఊడవడం దగ్గర్నుంచి పశువుల పేడ ఎత్తడం దాకా పిలిచిన పనికల్లా పోవాలి. దీన్నే వెట్టి అనేవాళ్లం. నేను చిన్నప్పుడు ఆసిఫాబాద్ అడవి పల్లెల్లో దాన్ని చూసిందాన్నే. ఇప్పుడు అది నేను కట్టిన అంట్లకే నీళ్లు పోస్తున్నది.

వకీలు సాబ్ కోపం

కరీంనగర్ వచ్చి వకీలు సాబ్‌తో చెప్పాను.

"వెట్టి బందయ్యి ఎన్నేండ్లయింది సక్కూబాయీ? సర్కారే బంద్ జేసింది గదా."

"కాయిదంల బందయింది సాబ్. ఆ ఊర్ల కాలే."

ఆయన ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. "రేపే లారీ పంపు. కుండీలన్నీ దించి తెప్పియ్. గా తోట మనకొద్దు."

"జర ఆగుండ్రి సాబ్. అంట్లు ఇంక అతుకలే. ఆ ఆడోళ్లను గూడ ఒక్కసారి అడుగుదాం."

"అడిగేదేముంది? తప్పు తప్పే."

తప్పు తప్పే, నిజమే. కానీ తెల్లారి మేం కుండీలు దించి తెచ్చుకున్నాం. సగానికి సగం అంట్లు షెడ్డులోనే ఎండిపోయాయి. అది మాకు జరిగిన నష్టం. అసలు నష్టం వేరేచోట జరిగింది.

వారం పది రోజులకు మా ఆయన లారీ మీద చొప్పదండి అంగడికి పోతూ నన్నూ తీసుకుపోయాడు. మల్లవ్వ మా లారీ గుర్తుపట్టి వచ్చింది. ఉల్లిగడ్డల కుప్ప పక్కన నిలబడి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి అడిగింది.

"మీ సేటుతోని ఏం జెప్పినవ్ బాయీ?"

"మీకు కూలి ఇస్తలేరని జెప్పిన. ఆయన తొందరపడ్డడు."

"మా నోట్లకెళ్లే మాట పోయిందని దొర గుమాస్తా పట్టుకున్నడు. అందరిని కొట్టంల పేడ ఎత్తనీకి పెట్టిండు. గది సరే, ఎత్తుతం. లచ్చిని ఇప్పుడు అమ్మతోని పంపుతరట."

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తున్నాను. దొరల ఇంట్లో ఆడపిల్ల పెళ్లయి అత్తవారింటికి పోతుంటే, పెట్టెలూ బిందెలతో పాటు ఒక పేదింటి పిల్లను కూడా వెంట పంపేవాళ్లు. ఆడబాప అనేవాళ్లు. ఆ పిల్లకు పెళ్లి ఉండదు. తిరిగి రావడం ఉండదు. ఆ ఇంటి మగవాళ్లు ఏమన్నా కాదనడానికి ఉండదు. మల్లవ్వ అమ్మ అన్నది దొరగారి బిడ్డను. ఆమెకు వచ్చే ఎండాకాలానికి పెళ్లి కుదిరింది.

"నువ్వేదో జేస్తవని రాలే," అన్నది మల్లవ్వ. "చెప్పుకుంటె జర బరువు దిగుతదని వచ్చిన."

అప్పుడు నేను అడిగాను. "నీకేం గావాలె అక్కా?"

ఆమెను ఆ మాట అప్పటిదాకా ఎవరూ అడిగి ఉండరు. ఉల్లిగడ్డ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పింది. "లచ్చి గా అమ్మతోని పోవద్దు. గంతే. నన్ను ఏమన్న జేసుకోనియ్."

కరీంనగర్ తిరిగొచ్చి ఇదంతా చెప్తే వకీలు సాబ్ కుర్చీలో కూలబడ్డారు. ఆ రోజు ఆయన తనను తాను ఏమీ సమర్థించుకోలేదు. "మనం చేతులు కడుక్కున్నం, అంతే గద?" అన్నారు. ఇదే నేను మీకు చెప్పదలచిన మొదటి సంగతి. ఎక్కడైనా మనుషులను కట్టేసి పని చేయించుకుంటున్నారని తెలిస్తే, కొనడం ఆపేసి బయటకు రావడం తేలిక. దానివల్ల మన మనసుకు హాయి. కట్టేసి ఉన్నవాళ్లు మాత్రం అక్కడే ఉంటారు, ఇంకొంచెం గట్టిగా.

దొరసాని

పెళ్లికి గడి లోపలి వాకిట్లో పూలకుండీలు పెట్టాలని అంతకుముందే మా కంపెనీకి చెప్పి ఉన్నారు. వకీలు సాబ్ ఆ పని వదిలేద్దామనుకున్నారు. నేను వద్దన్నాను. ఆడవాళ్లుండే లోపలి వాకిట్లోకి పోవడానికి నాకు అదొక్కటే దారి.

బంతి, మల్లె, గులాబీ కుండీలు లారీలో వేసుకుని పోయాం. కుండీలు సర్దుతుంటే దొరసాని వచ్చి పీట మీద కూర్చున్నది. పలచటి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఏ కుండీ ఎక్కడ పెట్టాలో చెప్తూ ఉన్నది. పనివాళ్లు బయటికి పోయిన సందు చూసి నేను ధైర్యం చేశాను.

"దొరసానీ, ఒక్క మాట. లచ్చి అనే పిల్ల ఉన్నది గదా. చేతుల పని ఉన్న పిల్ల. మా కంపెనీల అంట్ల పనికి ఇస్తరా?"

ఆమె నావైపు తిరిగింది. "మల్లవ్వ పంపిందా నిన్ను?"

అవునంటే మల్లవ్వకు ముప్పు. కాదంటే అబద్ధం. ఊరుకున్నాను.

ఆమె లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "నాతోని గూడ ఒక పిల్లను పంపిండ్రు," అన్నది. "నాకంటె చిన్నది. ఒక్క చాపల ఆడుకున్నోళ్లం. ఈ ఇంటికి వచ్చినంక ఏమయ్యిందో నువ్వు ఆడిదానివి, నీకు జెప్పేదేముంది. గా పిల్ల మొకం నేను చూడలేకపోయిన. నా మొకం అది చూడలేకపోయింది. ఒక్క ఇంట్ల గట్లనే బతికినం, అది పోయేదాక."

చేతిలో ఉన్న బంతి కుండీ కింద పెట్టాను.

"నా బిడ్డకు గా బతుకొద్దు," అన్నది దొరసాని.

ఆమె లచ్చి కోసం అన్నదని నేను అనుకోవడం లేదు. తన బిడ్డ కోసం అన్నది. అయితేనేం. మన పనిలో అందరి మనసులూ మారేదాకా ఆగితే ఏదీ జరగదు. ఎవరికి ఎక్కడ నొప్పి ఉందో అక్కడి నుంచి దారి దొరుకుతుంది.

"తీస్కపో," అన్నది. "పెండ్లికి ముందే తీస్కపో. పొద్దుగాల, అందరు జూస్తుండంగ తీస్కపో. పారిపోయిందనొద్దు. పనికి పోయిందనాలె. దొరకు నేను జెప్త. పెండ్లి ముంగట ఆయన నాతోని లొల్లి పెట్టుకోడు."

మరునాడు పొద్దున లారీ ఊరి నడుమ ఆపాం. లచ్చి ఒక చిన్న మూటతో వచ్చి ఖాళీ కుండీల మధ్య కూర్చున్నది. మల్లవ్వ లారీ చెక్క పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. గుమాస్తా గడి మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు గానీ ఒక్క మాట అనలేదు. లోపలి నుంచి మాట వచ్చి ఉంటుంది.

"అవ్వా, కొట్టంల నీతోని ఎవరుంటరు?" అని అడిగింది లచ్చి.

"నా పని నేను జేస్కుంట. నువ్వు మంచిగ తిను," అన్నది మల్లవ్వ.

నీళ్లకు కూలి

ఇప్పుడు మిగిలినవాళ్ల సంగతి. వకీలు సాబ్ ఈసారి కోపం ఇంట్లో వదిలిపెట్టి గడికి పోయారు. నేనూ వెంట ఉన్నాను. దొరగారు కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, నవ్వుతూ అడిగారు. "ఏం వకీల్ సాబ్, చెట్లు మళ్లా యాదికొచ్చినయా?"

"వచ్చినయ్. చెట్ల కిరాయి మీకిస్తం. నీళ్లు పోసేటోళ్లను మాత్రం మేమే పెట్టుకుంటం. వాళ్ల కూలి వాళ్ల చేతుల్నే పెడతం."

"మా ఊరి మనుషుల ఫికర్ మీకెందుకు?"

"మా కుండీలకు నీళ్లు పోస్తున్నరు గదా దొరా, అందుకు."

దొరగారి నవ్వు తగ్గింది. వకీలు సాబ్ మజ్జిగ గ్లాసు కింద పెట్టి, అదే గొంతుతో అన్నారు. "కాదంటరా, మీ ఇష్టం. నేను మళ్లా నల్లకోటు తొడుక్కోవల్సి వస్తది. నాకు గది ఇష్టం లేదు. మీకు గూడ ఉండదనుకుంట."

కౌలుదార్ల చట్టం, భూముల గొడవలు, కొత్త అధికారుల రాకపోకలతో దొరలందరూ అప్పటికే పరేషాన్‌లో ఉన్నారు. పాతకాలం లాగా నడవదని ఆయనకూ తెలుసు. ఒప్పుకున్నారు. మనసారా కాదు. చట్టం పుస్తకంలో ఉంటే సరిపోదు గానీ, పుస్తకంలో ఉండబట్టే ఆ రోజు వకీలు సాబ్ గొంతు పెంచకుండా మాట్లాడగలిగారు.

మొదటి వారం కూలి పంచిన రోజు నాకు బాగా గుర్తు. చెట్టు కింద బల్ల వేసుకుని కూర్చుని పేరు పిలిస్తే ఒక్కరూ ముందుకు రాలేదు. తీసుకుంటే సాయంత్రం గుమాస్తా లాక్కుంటాడని భయం. లాక్కోవడమే కాదు, ఎందుకు తీసుకున్నావని తిడతాడని. ఆఖరికి మల్లవ్వ లేచింది. చెయ్యి చాచలేదు. కొంగు పట్టింది. కొంగులో వేస్తే ముడేసుకుని తిరిగిపోయి తన చోట కూర్చున్నది. తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు.

వారం తర్వాత పోయి ఆమెనే అడిగాను. "గుమాస్తా ఏమన్న అడిగిండా?"

"అడిగిండు."

"ఏం జేసినవ్?"

"ఇయ్యలే."

ఆ రెండు ముక్కలే చెప్పి కడవ ఎత్తుకుంది. ఆమె పెదవి చివర చిన్న నవ్వు నేను చూశాను.

సొంత చెట్లు

అంతా ఒక్కసారిగా బాగుపడిందని చెప్పను. ఆ ఊళ్లో మా తోట పని వరకు వెట్టి పోయింది. గడిలో ఇంకొన్నేళ్లు నడిచింది. కానీ ఒకచోట కూలి వస్తుంటే ఇంకోచోట ఉత్తగా చేయడానికి మనుషులు వెనకాడతారు. అట్లా అది లోపలి నుంచి కూడా సడలింది.

ఇంకొకరి చెట్ల మీద ఆధారపడినంత కాలం ఈ బెడద తప్పదని వకీలు సాబ్ చొప్పదండి బాటలో కొంత భూమి కొని తల్లిచెట్లు నాటించారు. మామిడి తల్లిచెట్టు కావాలంటే చాలా ఏళ్లు పడుతుంది. మునీము నెత్తి కొట్టుకున్నాడు. అయినా నాటాం. నాటిన గుంతల్లో సగం మల్లవ్వ, ఆమెతో పాటు వచ్చిన ఆడవాళ్లు తవ్వినవే. దొరసాని మాట వల్లనో, కాలం మారడం వల్లనో, అప్పటికి వాళ్లు ఊరు దాటి పనికి రాగలిగారు. మల్లవ్వ ఆ తర్వాత కరీంనగర్ వచ్చి బిడ్డతో పాటే ఉన్నది.

అప్పటి నుంచి ఏ సరుకు వచ్చినా నేనే పోయి చూసొచ్చేదాన్ని. పెంట ఎరువు ఎక్కడిది, కుండీలు ఎవరు చేస్తున్నారు, వెదురు ఎవరు నరుకుతున్నారు. పోయినచోట యజమాని ముందు అడగకూడదు. ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లతో పాటు తిని, వాళ్ల పిల్లల గురించి మాట్లాడితే విషయం దానంతట అదే బయటికి వస్తుంది. అన్నీ కలిపి ఒకే ధర అని ఎవరైనా చవకగా చెప్తే, ఆ కలిపిన వాటిలో మనుషులున్నారేమో చూడండి.

అనుమానం కూడా ఎక్కువైతే నవ్వులపాలవుతాం. ఒకసారి ఆసిఫాబాద్ దగ్గర మాకు వెదురు గంపలు అల్లిచ్చే ఒక ముసలాయన ఇంటికి పోయి, ఎవరి కిందన్నా పనిచేస్తున్నావా, బలవంతం ఏమన్నా ఉన్నదా అని గుచ్చి గుచ్చి అడిగాను. ఆయన కత్తి పక్కన పెట్టి మరాఠీ, తెలుగు కలిపి తిట్టాడు. "నన్ను ఎవడు కట్టేసిండే సక్కూ? నీ బాపును అడుగు నేనెవన్నో. గంపలు గావాలంటె తీస్కపో, లేకుంటె నడువ్." గంపలు నెత్తిన పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చాను. అట్లా తిట్టగలిగిన మనిషి దగ్గర ఏం కొన్నా నిశ్చింత.

మల్లవ్వ రాని రోజులు

మా సొంత తల్లిచెట్ల మీద మొదటిసారి అంట్లు కట్టిన ఏడాది సంగతి చెప్పి ముగిస్తాను. లచ్చి అప్పటికి నాకంటే వేగంగా కడుతున్నది. మనువు కూడా తనకు నచ్చినవాణ్ణే చేసుకున్నది. మల్లవ్వ నీళ్ల పని చూసేది.

ఒక పొద్దున మల్లవ్వ రాలేదు. మరునాడూ రాలేదు. లచ్చి కూడా లేదు. జ్వరమేమోనని మనిషిని పంపితే ఇంటికి తాళం. గడి వాళ్లు ఏమైనా చేశారా అని ఎన్నో తలచుకున్నాను. మునీము మాత్రం చెప్పాపెట్టకుండా పోయారని మండిపడుతున్నాడు. ఎండ కాసింది. ఒక వరస కుండీలు వాడిపోయాయి.

ఇంకో రోజు గడిచాక పొద్దునే ఇద్దరూ వచ్చారు. మల్లవ్వ నుదుట సింధూరం, చేతిలో కొబ్బరిముక్కల పొట్లం. వకీలు సాబ్ అప్పుడే వచ్చి వరండాలో కూర్చున్నారు.

"ఎక్కడ పోయినవ్ మల్లవ్వా?" అని అడిగారు.

"కొండగట్టు గుడికి."

"చెప్పి పోవద్దా? కుండీలు ఎండినయ్."

"పోవాలనిపించింది, పోయిన," అన్నది మల్లవ్వ. "కుండీలు ఎండితె ఎండినయ్ తియ్. ఇప్పుడు పోస్త గదా."

ఒకప్పుడు గడి పిలిచిన పనికల్లా పోయిన మనిషి. ఇప్పుడు ఆ గొంతులో భయం లేదు. బతిమాలడం లేదు. ఆకలైంది, తిన్నాను అన్నట్టుగానే అన్నది. మునీము నోరు తెరవబోతే వకీలు సాబ్ చెయ్యి ఎత్తి ఆపారు. మల్లవ్వ పొట్లం విప్పి ముందు ఆయనకు, తర్వాత నాకు, తర్వాత మునీముకు కొబ్బరి పెట్టింది. కొంగు నడుముకు దోపుకుని బావి వైపు నడిచింది. ఆమె మలుపు తిరిగేదాకా చూసి, వకీలు సాబ్ కొబ్బరిముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలారు.

"ఆ రోజుల కూలి కొయ్యమను మునీమును," అన్నారు నాతో. "పనిలేని దినం కూలి లేదు. కాని ఒక్క మాట గూడ అనొద్దు."